లెక్కపెట్టినోడి మాటే మాట

మా అక్క మనవరాలిని సాయంత్రాలు ఆటకు తీసుకువెళ్లే పని ఈమధ్య నా నెత్తిన పడింది. అశోక్ నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ వెనక రేకుల షెడ్డు వేసి, కింద ఆకుపచ్చ రబ్బరు పరిచి షటిల్ నేర్పుతున్నారు. మొదటి రోజు వెళ్లేసరికి పిల్లలందరూ రాకెట్లు పట్టుకుని ఉత్త గాలిని కొడుతూ ముందుకూ వెనక్కూ గెంతుతున్నారు. షటిల్ ఎక్కడా లేదు.

"ఇదేందే, కొట్టనీకె ఏం లేకుండనే కొడుతున్నరు?" అన్నాను.

"షాడో తాతా. నీకు తెల్వదు."

నాకు తెలియదట! పక్కనే కోచ్ కుర్రాడు నిలబడి ఉన్నాడు. వాడికి వినబడేలా గొంతు పెంచాను. "నాకు తెల్వదా? నేను స్టేట్ ఆడిన బిడ్డా!"

కోచ్ చటుక్కున తిరిగాడు. "అవునా అంకుల్? ఏ గేమ్?"

"బాల్ బ్యాడ్మింటన్."

వాడి ముఖంలో మర్యాద అలాగే ఉంది కానీ కళ్లల్లో ఏమీ వెలగలేదు. "అంటే?"

పసుపు పచ్చ ఉన్ని బంతి, నిమ్మకాయంత ఉంటుందని చెప్పాను. చెక్క రాకెట్లు, అటు ఐదుగురు ఇటు ఐదుగురు, మట్టి కోర్టు అని చెప్పాను. వాడు బుద్ధిగా విని, "గట్ల కూడా ఒక గేమ్ ఉండెనా అంకుల్?" అన్నాడు. నేను బతికి ఉండగానే నా ఆట చచ్చిపోయిందని అలా తెలిసింది.

ఇంతకీ స్టేట్ అన్నాను కదా, అది అబద్ధం. ఆడింది జిల్లా జట్టుకు. ఆ మాట కూడా కొంచెం సాగదీసిందే. అక్కడికి వస్తాను, తొందరపెట్టకండి.

నారాయణగూడలో ఒక పాత బడి వెనక మా కోర్టు ఉండేది. ఒకవైపు పొడుగాటి గోడ, గోడకు అవతల కట్టె కోత మిల్లు. తెల్లవారకముందే మిల్లు మొదలయ్యేది. టేకు రంపపు పొట్టు వాసన గోడ దాటి వచ్చి మా బంతులకు అంటుకునేది. వానాకాలం బంతి తడిస్తే అది గొర్రె వాసన వేసేది. ఇప్పుడు ఎక్కడైనా తడి గొంగడి వాసన వస్తే నా కుడి మణికట్టు దానంతటది తిరుగుతుంది.

మా సార్ ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. బక్కగా, గోడకు ఆనించిన నిచ్చెనలా ఉండేవారు. పాత రోజుల్లో ఉర్దూ మీడియంలో చదివిన తెలుగాయన. కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె మోకాళ్లకు రాసుకునేవారు. ఆయన గేటు దగ్గరకు రాకముందే ఆ వాసన వచ్చేది. అప్పుడు మేం కబుర్లాపి ముఖాలు సీరియస్‌గా పెట్టేవాళ్లం.

ఆయన మొదటి నెలరోజులు బంతి ఇచ్చేవారు కాదు. "ఖాళీ కొట్టుండ్రి" అనేవారు. ఈ షాడో అంటున్నదే మాకు ఖాళీ. పొద్దున అరగంట ఖాళీ. ఛాతీ ఎత్తున ఒక తాడు కట్టి, దాని కింద నుంచి వంగి పరుగెత్తి, వంగే వెనక్కి రావాలి. తల తాడుకు తగిలితే ఇంకో పది. మణికట్టు కోసం తడి తువ్వాలు పిండించేవారు. ఇంట్లో అమ్మ బట్టలు ఉతుకుతుంటే నేను పోయి దుప్పట్లు పిండేవాణ్ని. మా అమ్మ మురిసిపోయింది. "నా కొడుక్కు బుద్ధి వచ్చింది" అని వాడంతా చెప్పుకుంది. సంగతి తెలిశాక మా నాన్న, "బంతి కొడితే బువ్వ వస్తదారా? దుప్పట్లు పిండితేనన్న దోబీ కొలువు దొరుకుతది" అన్నాడు.

మా నాయనమ్మ బాధ వేరు. రాకెట్ తీగల్ని 'గట్' అంటారనీ, గట్ అంటే మేక పేగులనీ ఎవరో చెప్పారు ఆమెకు. నావి నైలాన్ తీగలే. ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మలేదు. నా రాకెట్‌కు ఇంట్లో ప్రవేశం లేదు. వరండాలో చెప్పుల పక్కన మేకుకు వేలాడేది. పట్టుకున్నాక చేతులు కడుక్కోనిదే అన్నం పెట్టేది కాదు. ఒకసారి నేను కావాలనే ఆమె జపం చేసుకుంటుంటే వెనకనుంచి వెళ్లి "మే..." అని అరిచాను. ఆ రోజు నాకు అన్నం లేదు. చిక్కడపల్లి మార్కెట్ దగ్గర ఇరానీ హోటల్లో ఒక సమోసాను మధ్యాహ్నం దాకా తిన్నాను.

ఆ సమోసాలో సగం నా జోడీగాడిది.

జోడీ అంటే చెప్పాలి. సార్ మమ్మల్ని ఇద్దరిద్దరిని జతకట్టేవారు. ఒకడు కొడితే ఒకడు లెక్కపెట్టాలి. నా జతగాడు జనగామ వైపు పల్లెటూరి నుంచి వచ్చి, నల్లకుంటలో మేనమామ ఇంట్లో ఉంటూ నాతోపాటు ఇంటర్ చదువుతున్నాడు. మామకు సుల్తాన్ బజార్‌లో గాజుల దుకాణం. అందుకని వాణ్ని అందరం 'గాజులోడా' అని పిలిచేవాళ్లం. వాడు ఏమీ అనుకునేవాడు కాదు. సన్నటి చేతులు. కానీ బంతి వాడి రాకెట్ మధ్యలో పడ్డప్పుడు వచ్చే చప్పుడు, దూదిపరుపు మీద పిల్లి దూకినట్టు మెత్తగా ఉండేది. నాది తలుపు వేసినట్టు ఉండేది.

వాడికి పీటీ సార్ కావాలని కోరిక. నవ్వకండి. మేమంతా ఏదేదో అవుదామనుకుంటుంటే వాడొక్కడు మెడలో విజిల్ వేసుకుని, ఏదో ఒక బళ్లో పిల్లల చేత ఖాళీ కొట్టించాలనుకునేవాడు. దానికి కోర్సు ఉంది. అందులో ఆటగాళ్లకు కొన్ని సీట్లు ఉంటాయి. జిల్లా జట్టుకు ఎంపికైన సర్టిఫికెట్ కావాలి. మామ ఒకటే మాట చెప్పాడు: "ఈ యేడు ఆ కాయితం తెస్తే చదువు. తేకుంటే దుకాణంల కూసో. నాకు ఇంకొక మనిషి కావాలె." వాడి చదువు, బతుకు ఆ ఒక్క కాగితం మీద వేలాడుతున్నాయి. నాకా కాగితంతో పని లేదు. మా నాన్న నన్ను అప్పటికే కామర్స్‌లో చేర్చి, బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొని పెట్టాడు.

ఇక లెక్క సంగతి. గోడకు ఐదడుగుల దూరంలో నిలబడి బంతి కింద పడకుండా వరసగా కొట్టాలి. ఎన్ని కొడితే అన్ని. రెండు దెబ్బల మధ్య అంకె పలకాలి. తెలుగులో లెక్కపెడితే సార్ ఒప్పుకునేవారు కాదు. "డెబ్బయి తొమ్మిది అనేలోపట బంతి రెండు సార్లు గోడకు తాకి ఇంటికి పోతది. ఉర్దూల లెక్కవెట్టుండ్రి. కట్ కట్ తెగుతది" అనేవారు.

మాలో సగం మంది అక్కడే బోల్తా. ఉర్దూలో పదులు, యాభైలు ఎలాగో వస్తాయి. తొమ్మిదులే ప్రాణం తీస్తాయి. యాభై తొమ్మిది ఉన్సఠ్. అరవై తొమ్మిది ఉన్హత్తర్. డెబ్బై తొమ్మిది ఉనాసీ. ఉర్దూ ఇంట్లో పుట్టనివాడు ఈ మూడింటి దగ్గర దారి తప్పాల్సిందే. నేను మాత్రం తప్పేవాణ్ని కాదు. మా సందు చివర పతంగుల దుకాణం నడిపే పెద్దాయన ఒళ్లో పెరిగాను. ఉర్దూ నాకు మంచినీళ్ల ప్రాయం.

గాజులోడికి లెక్క నేనే నేర్పాను. ఇరానీ హోటల్లో చాయ్ సాసర్‌లో పోసుకుని, ఒక్కో గుటకకు ఒక్కో అంకె. వాడు కళ్లు మూసుకుని వల్లె వేసేవాడు. వానాకాలంలో ఒకరోజు సరదా పుట్టి, ఉన్హత్తర్‌ను డెబ్బై తొమ్మిదని, ఉనాసీని అరవై తొమ్మిదని తారుమారు చేసి చెప్పాను. మరునాడు నేను కొడుతుంటే వాడు గట్టిగా "అడ్సఠ్, ఉనాసీ, సత్తర్" అని అరిచాడు. సార్ దూరం నుంచి విని వచ్చారు.

"ఏందిరా గాజులోడా! అరవై ఎనిమిది నుంచి డెబ్బై తొమ్మిదికి ఉరికినవ్, మల్ల డెబ్బైకి వచ్చినవ్. లిఫ్టు ఎక్కినవా?"

వాడు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. "తప్పయింది సార్" అన్నాడు. పది రౌండ్లు పరుగెత్తాడు. నా పేరు చెప్పలేదు. ఆ తర్వాత సరిగ్గా నేర్పాను, నిజం. అయినా తొమ్మిదుల దగ్గర వాడికి ఎప్పుడూ ఒక క్షణం ఊపిరి ఆగేది.

చలికాలం మొదట్లో జట్టు ఎంపిక వచ్చింది. నలుగురు పెద్దవాళ్లు ఖాయం. ఐదో ఆటగాడు ఒకడు, వాడికి బదులుగా బెంచీ మీద కూర్చునేవాడు ఇంకొకడు కావాలి. కాగితం ఇద్దరికీ వస్తుంది. పోటీకి ఆరుగురం, అంటే మూడు జోడీలం. సార్ పద్ధతి అందరికీ తెలిసిందే. మూడు జోడీలు గోడ పొడుగునా దూరదూరంగా ఒకేసారి నిలబడతాయి. ఎవరికి వారే జతగాడి లెక్క చెప్పాలి. మూడు గొంతులు, అవతల రంపం మోత. ఆయనకు ఏ అంకె ఎవరిదో ఎలా తెలుస్తుంది? అందుకే ఆయన నియమం ఒకటే: "లెక్కపెట్టినోడి మాటే మాట. కొట్టినోడు నోరు తెర్వొద్దు."

ముందు నా వంతు. ఆ రోజు నేను డెబ్బై నాలుగు కొట్టాను. చౌహత్తర్. మా కోర్టులో అంతకుముందు ఎవడూ... సరే, ఎందుకు? నా ఊపిరి నాకే వినబడుతోంది, అంకెలు వినబడలేదు. బంతి పడ్డాక వాడు వీపు తట్టి, "చౌహత్తర్ రా! కొట్టినవ్ బే!" అన్నాడు. నాకు గాలిలో తేలుతున్నట్టు అయింది.

తర్వాత వాడి వంతు. నేను లెక్క. వాడు వంగి నిలబడ్డ తీరు ఇప్పటికీ కనబడుతుంది. నెత్తిమీద లేని తాడు ఉన్నట్టే వంగాడు. మెత్తటి చప్పుడు, మెత్తటి చప్పుడు. అరవై దాటాడు, డెబ్బై దాటాడు. చౌహత్తర్ దాటుతుంటే నా గొంతు కొంచెం తగ్గింది. డెబ్బై తొమ్మిది దగ్గర బంతి చెక్క అంచుకు తగిలి కింద పడింది.

సార్ పెన్సిలు, అట్టముక్క పట్టుకుని వచ్చారు. మొదట మమ్మల్నే అడిగారు.

"చౌహత్తర్ సార్" అన్నాడు గాజులోడు నా గురించి, ఛాతీ విరుచుకుని.

"వీనిది?"

"ఉన్హత్తర్ సార్" అన్నాను.

చాలా ఏళ్లు ఈ కథ నేను ఇంకోలా చెప్పుకున్నాను. తొమ్మిదుల దగ్గర ఎవడైనా తడబడతాడు, నేనూ తడబడ్డాను అని. మా ఆవిడకు అలాగే చెప్పాను. ఆమె అయ్యో అంది. ఇప్పుడు ఈ వయసులో మీతో ఎందుకు? నేను తడబడలేదు. అరవై తొమ్మిది అనాలనుకునే అన్నాను. వాడికంటే ఒక మెట్టు పైన ఉండాలని, కోర్టులో దిగే ఐదోవాణ్ని నేనే కావాలని, అంతే. వాడు రెండో స్థానంలో ఉంటాడు, కాగితం వాడికీ వస్తుంది, ఎవరికీ నష్టం లేదు. క్షణంలో ఇంత లెక్క వేశాను చూడండి. మిగతావాళ్లు యాభై దాటరని నా ధీమా.

రెండో జోడీ నలభైల్లోనే ఆగింది. మూడో జోడీలో ఒక బొద్దుపిల్లాడు ఉండేవాడు, ఎప్పుడూ ముప్పై దాటని వాడు. వాడి జతగాడు, "ఇక్‌హత్తర్ సార్" అన్నాడు.

డెబ్బై ఒకటి.

సార్ అట్టముక్క వైపు చూశారు, గాజులోడి వైపు చూశారు. ఆయన కనుబొమలు దగ్గరపడ్డాయి. మళ్లీ నా దగ్గరకు వచ్చారు. ఆ కర్పూరం వాసన ఇంకా నా ముక్కులో ఉంది.

"ఉన్హత్తరేనా? సోంచాయించి చెప్పు. తొమ్మిదుల కాడ ఎవడైన తప్పుతడు. తప్పితే తప్పిన అనురా, ఏం గాదు."

ఆయన తలుపు తీసి పెట్టారు. లోపలికి అడుగు వేయడమే నా పని. కానీ వేస్తే నేను బెంచీ మీద కూర్చోవాలి. అదొక్కటే నాకు పోయేది.

"పక్కా సార్" అన్నాను.

గాజులోడు నోరు తెరవలేదు. నియమం కదా. ఇంటికి వెళ్లే దారిలో, సినిమా హాళ్ల దగ్గర, "నాకు జర ఎక్కువ కొట్టినట్టు అనిపించిందిరా" అని మాత్రం అన్నాడు.

"కొట్టేటప్పుడు అందరికి గట్లనే అనిపిస్తది" అన్నాను.

"అవ్ లే" అన్నాడు. ఆ తర్వాత జేబు రుమాలులో కట్టి తెచ్చిన నానబెట్టిన శనగలు ఇద్దరం తిన్నాం. రోజూ తిన్నట్టే, సగం సగం.

పోటీల గురించి ఎంతైనా చెప్పగలను. ఫైనల్‌లో ఆఖరి పాయింటు నేనే కొట్టానని మా ఆఫీసులో ఇరవై ఏళ్లు చెప్పాను. జరిగింది ఇది: మొదటి ఆటలో నా దగ్గరకు వచ్చిన ఐదు బంతుల్లో మూడు నెట్టుకు కొట్టాను, ఒకటి మా కెప్టెన్ వీపుకు కొట్టాను. సార్ నన్ను బయటకు పిలిచి బొద్దుపిల్లాణ్ని దింపారు. మిగతా మూడు రోజులు బెంచీ మీద కూర్చుని తువ్వాళ్లు అందించాను. నేను తప్పించుకోవాలనుకున్న ఆ బెంచీ మీదనే. కాగితం వచ్చింది. మా నాన్న దాన్ని బీరువాలో, రేషన్ కార్డు కింద పెట్టాడు. దాన్ని నేను ఎక్కడా, ఎవరికీ చూపించాల్సిన అవసరం రాలేదు.

గాజులోడు ఎండాకాలం సెలవుల నుంచి దుకాణంలో కూర్చున్నాడు. మొదట్లో నారాయణగూడకు వచ్చేవాడు, ఆదివారాలు. తర్వాత ఆదివారాలే దుకాణానికి గిరాకీ ఎక్కువని మానేశాడు. సార్ పోయారు. బడి వాళ్లు కోర్టు మీద కొత్త గదులు కట్టారు. కోత మిల్లు పోయింది. మాతో ఆడినవాళ్లు షటిల్‌కు మారారు, ఆ తర్వాత పొట్టలకు మారారు.

చాలా ఏళ్ల తర్వాత, మా మేనకోడలి సీమంతానికి గాజులు కొనడానికి అక్కతో సుల్తాన్ బజార్ వెళ్లాను. గాజులోడి దుకాణం పేరు చూసి, పక్క దుకాణంలోకి పోదామన్నాను. వాడే చూశాడు. గద్దె మీద నుంచి దిగి వచ్చి, అందరి ముందు కావలించుకున్నాడు. జుట్టు సగం పోయింది. చేతులు అలాగే సన్నగా ఉన్నాయి. అక్కకు స్టూలు వేయించి, గాజుల పెట్టెలు ముందు పెట్టించి, నన్ను లోపలికి తీసుకువెళ్లి చాయ్ తెప్పించాడు. నన్ను 'సార్' అని పరిచయం చేశాడు పనివాళ్లకు. "జిల్లా ఆడిండు మా దోస్తు!" అన్నాడు.

చాయ్ వచ్చింది. వాడు గ్లాసు కింద పెట్టి, తల వంచుకుని, "నీతోని ఒక ముచ్చట చెప్పాలెరా. గిన్నేండ్ల సంది లోపల కొడుతుంది" అన్నాడు.

తెలిసిపోయిందనుకున్నాను.

"ఆ దినం నీకు చౌహత్తర్ రాలే. చౌసఠ్ వచ్చినయి. అరవై నాలుగే. నేనే పది కలిపి చెప్పిన సార్‌కు."

నేనూ గ్లాసు కింద పెట్టాను.

"ఇద్దరం కలిసి పోదామనుకున్న. నేను ఎట్లన్న డెబ్బై దాటుత అని నమ్మకం ఉండె. ఒక్కన్నే పోతే మజా ఏముంటదిరా? గని సార్ మన మీద ఇమాన్‌తోని లెక్క ఇడిసిపెట్టిండు. నేను అబద్ధమాడిన. అందుకే దేవుడు ఆడికాడనే నా నోట్ల మన్ను గొట్టిండు. రెండంటే రెండు తక్కువతోని పోయింది నాది." నవ్వడానికి చూశాడు. "నువ్వు చూడు, జోడీగాణ్ని అని సూత ఒక్కటి ఎక్కువ కలపలే. సార్ రెండుసార్లు అడిగినా ఉన్నదే చెప్పినవ్. గది నాకు శాన యాదికొస్తుంటది. నా పిల్లలకు చెప్త."

బయట ఎవరో బేరం ఆడుతున్నారు. మా అక్క ఎర్రవి కావాలంటోంది. నీవి డెబ్బై తొమ్మిదిరా అని చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది. గ్లాసులో ఇంకా సగం చాయ్ ఉంది.

వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "దొరికిపోతే నీకు సూత బద్నాం అయితుండె. మాఫ్ చెయ్యిరా."

"పోనీలేరా, చిన్నప్పటి ముచ్చట" అన్నాను. "మాఫ్ చేసిన."